ఒక్క చుక్క చేసిన పని
(సెడ్ అను వ్రాతపనిముట్టును గూర్చి)

మా పాఠశాలయొక్క పాత ప్రవేశపుపట్టీలను కంప్యూటరులోని కెక్కించు పని రెండేండ్లుగా జరుగుచున్నదని చదువరులలో పెక్కురెఱుగుదురు. తొమ్మిదవ తరగతి బాలబాలికలు సెలవుదినములలో వచ్చి కూర్చుండి, చెదలు తిన్న పుటలను మెల్లగా త్రిప్పుచు, ఒక్కొక్క పేరే చదివి మీటిరి. ఆ పనిలో మాకు తోడ్పడిన ఒక పనిముట్టును గూర్చియు, దానితో మేము చేసిన ఒక తప్పును గూర్చియు ఈ సంచికకు వ్రాయుమని కొందఱు కోరిరి. తప్పును గూర్చి వ్రాయుట మాకంత యిష్టము కాదు. కాని పనిముట్టును గూర్చి వ్రాయవలెనన్నచో ఆ తప్పును విడిచి వ్రాయుట సాధ్యము కాదు.

పనిముట్టు పేరు సెడ్. స్ట్రీమ్ ఎడిటర్ అను రెండు ఆంగ్లపదములను కుదించి ఈ పేరు పెట్టిరి. ప్రవహించు వ్రాతను దిద్దునది యని భావము. ఇందులో బొమ్మలు లేవు, నొక్కుటకు గుండీలు లేవు, దిద్దవలసిన పుటయైనను కంటికి కానరాదు. నల్లని తెరమీద ఒక్క వరుస ఆజ్ఞ వ్రాసి యిచ్చినచో, అది దస్త్రమునంతయు మొదటినుండి తుదివఱకు చదివి, చెప్పినచోటులెల్ల దిద్ది, దిద్దిన వ్రాతను మన ముందు పెట్టును. మా పాఠశాలలోని కంప్యూటర్లు పాతవి. వేల వరుసలున్న దస్త్రమును మామూలు వ్రాతపరికరముతో తెఱచిన చాలును, అవి మాట పలుకక నిలిచిపోవుచుండెను. నడుమ కరెంటు పోయినచో చేసిన పని కూడ పోవుచుండెను. సెడ్‌కు ఆ బాధ లేదు. ఎందువలన లేదో చెప్పుదుము.

మన కుందుర్పి ప్రాంతములో శనక్కాయల కాలమున కళ్లములో చేట పట్టిన స్త్రీని చూడని పిల్లలుండరు. ఆమె ముందు కుప్ప యెంత పెద్దదైనను ఆమెకు చింత లేదు. ఒక చేటెడు తీసికొనును, చెరుగును, రాళ్లేరును, మంచి కాయలను ప్రక్కన పోయును, మరల మఱియొక చేటెడు తీసికొనును. కుప్పనంతయు ఒక్కమాటే ఒడిలో పెట్టుకొనవలెనని ఆమె యెన్నడును తలపదు. సెడ్ చేయుపని యిట్టిదే. ఒక వరుస తీసికొనును, దానిపై మన ఆజ్ఞలన్నియు వరుసగా నడపును, బయటికి వదలును, తరువాతి వరుస తీసికొనును. దాని చేటలో ఒకసారికి ఒక వరుసయే యుండును గనుక, దస్త్రము నూఱు వరుసలదైనను పది లక్షల వరుసలదైనను దానికి భేదము లేదు. ఈ చేటకే వారు ప్యాటర్న్ స్పేస్ అని పేరు పెట్టిరి. ప్రక్కన దాచుకొనుటకు హోల్డ్ స్పేస్ అను రెండవ చేట యొకటి కలదు గాని, మొదటిసారి నేర్చువారికి దానితో పని లేదు.

ఇది పుట్టిన కథ కొంత చెప్పవలెను. 1969లో అమెరికాలో న్యూజెర్సీయందలి బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ అనునతడు యూనిక్స్ అను వ్యవస్థను కట్టుచు, వ్రాత దిద్దుటకు ఎడ్ అను పనిముట్టును చేసెను. అప్పటికి తెరలు అరుదు. కాగితముపై టకటక కొట్టు టెలిటైపు యంత్రములే. పుటను మాటిమాటికి అచ్చువేసి చూచుట దండుగ గనుక, చూడకయే ఆజ్ఞతో దిద్దు పద్ధతి యేర్పడెను. కన్ను చేయవలసిన వెదకులాటను ఆజ్ఞయే చేయవలె నన్నచో, దేనిని వెదకవలెనో చెప్పు ఒక భాష కావలెను. ఆ భాషకు మూలము గణితశాస్త్రమునందు ముందే యుండెను. మెదడులోని నరముల అల్లికకు మెకల్లక్, పిట్స్ అను నిద్దఱు 1943లో వ్రాసిన గణితనమూనాను పరిశీలించుచు, స్టీఫెన్ క్లీనీ అను గణితవేత్త 1951లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను కల్పించెను. అది 1956లో అచ్చయ్యెను. నరములకై పుట్టిన గుర్తులను 1968లో థాంప్సన్ వ్రాతలో వెదకుటకు వాడి చూపెను. మేము ఈ వ్యాసములో వీనిని మచ్చు అని పిలుతుము. ధాన్యపువర్తకుడు చేతిలో మచ్చు పట్టుకొని బస్తాలలో దానివంటిదానిని వెదకినట్లే, సెడ్ కూడ మచ్చును పట్టుకొని వరుసలలో వెదకును.

అదే ప్రయోగశాలలో లీ మెక్‌మాహన్ అనునతడుండెను. అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు 1787, 1788 సంవత్సరములలో పబ్లియస్ అను మాఱుపేరుతో వెలువడిన 85 వ్యాసములలో, ఏది ఎవరు వ్రాసిరో పదముల వాడుకనుబట్టి తేల్చవలెనని యతని కోరిక. వానిలో పండ్రెండింటిని హామిల్టన్ వ్రాసెనా, మాడిసన్ వ్రాసెనా యని చాలకాలము వాదము జరిగెను. ఆ వ్యాసముల మొత్తము నాటి చిన్నయంత్రముపై ఎడ్‌లో పట్టలేదు. అందుచేత థాంప్సన్ ఎడ్‌నుండి వెదకు భాగమును మాత్రము వేఱుచేసి గ్రెప్ అను పనిముట్టు నిచ్చెను. వెదకుటకు వేఱు పనిముట్టున్నప్పుడు దిద్దుటకు మాత్ర మేల యుండరాదు? మెక్‌మాహన్ 1973, 1974 ప్రాంతములలో సెడ్‌ను వ్రాసెను. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పుతో అది లోకమునకు వచ్చినది. నేడు లినక్సు ఉన్న ప్రతి యంత్రమునందును, ఆపిల్ వారి మాక్ యంత్రములందును, అడుగకయే దొరకును. వెల లేదు. వ్రాసినది ఎవరో తెలియని వ్రాతలకు కర్తను వెదకవలెనను తపననుండి పుట్టిన పనిముట్టు మన పట్టీలలోని పేర్లదాక వచ్చినందుకు మాకు కొంత వింతగానే యుండును.

ఇక పని యెట్లు జరుగునో చూతము. ఆజ్ఞలలోని ఆంగ్లాక్షరములను ఇచ్చట తెలుగులో వాని పేర్లతో ముద్రించితిమి. కంప్యూటరునొద్ద చిన్న ఆంగ్లాక్షరములనే మీటవలెనని పిల్లలు గుర్తుంచుకొనవలెను. సెడ్‌లో ముఖ్యమైన ఆజ్ఞ ఒక్కటే. తక్కినవి దాని చుట్టములు.

ఎస్/పాతమాట/కొత్తమాట/జీ

ఎస్ అనగా ఒకదానికి బదులు వేఱొకటి పెట్టుమనుట. మొదటి రెండు గీతల నడుమ నున్నది మచ్చు. తరువాతిది దానికి బదులు పెట్టవలసిన మాట. తుదనున్న జీ లేనిచో ఒక్కొక్క వరుసలో మొదట కనబడినదానిని మాత్రము మార్చి ఊరకుండును; జీ యున్నచో ఆ వరుసలో ఉన్నవాని నన్నిటిని మార్చును.

మచ్చులో కొన్ని గుర్తులకు ప్రత్యేకార్థములున్నవి. ^ అనగా వరుస మొదలు. $ అనగా వరుస తుద. చదరపు కుండలీకరణములలో కొన్ని అక్షరములు వ్రాసినచో వానిలో ఏదైన ఒకటి యని యర్థము. ఆ కుండలీకరణములలో మొదట ^ పెట్టినచో అవి కాక వేఱేదైన ఒకటి యని యర్థము. * అనగా ముందున్నది ఎన్నిసార్లయినను, అసలు లేకున్నను సరే యనుట. ఈ నక్షత్రమునకు నేటికిని క్లీనీ పేరే యున్నది. చివరకు చుక్క. చుక్క యనగా ఏదైన ఒక్క అక్షరము. ఈ చుక్కను గుర్తుంచుకొనుడు. దానితో మాకు ముందు పని యున్నది.

పిల్లలు మీటిన వరుసలలో మొట్టమొదట కనబడిన దోషము సున్న. తెలుగు అంకెలలోని సున్నయు, అక్షరములలోని పూర్ణబిందువును కంటికి ఒక్కటే తీరుగ నుండును. యంత్రమునకు మాత్రము అవి రెండును వేఱువేఱు గుర్తులు. రంగప్ప అని మీటవలసినచోట ఒక బాలుడు అంకె సున్నతో ర౦గప్ప అని వందలకొలది మీటెను. చూచుటకు ముచ్చటగనే యుండెను గాని, రంగప్ప యని వెదకినప్పుడు ఒక్కడును దొరకలేదు. సున్నల నన్నిటిని బిందువులుగా మార్చుటకు వీలులేదు. ఏలయన మా పాత పట్టీలలోని తేదులు తెలుగు అంకెలతో నున్నవి. ౧౯౫౦ అనుదానిలోని సున్న బిందువైపోవును. కాబట్టి సున్నకు ముందు అంకెగాని ఖాళీగాని లేనిచోటనే మార్పుమని చెప్పవలెను.

ఎస్/\([^౦౧౨౩౪౫౬౭౮౯ ]\)౦/\1ం/జీ

వెనుకకు వాలిన గీతతో కూడిన రెండు కుండలీకరణముల నడుమ చిక్కినదానిని సెడ్ జ్ఞాపకముంచుకొనును. \1 అని వ్రాసినచోట దానిని మరల పెట్టును. అనగా ర అను అక్షరమును పట్టి, సున్నను విడిచి, ర అక్షరమును తిరిగి పెట్టి, బిందువును చేర్చును. మేము సంతోషించితిమి. కాని ఇరువది వరుసలపై పరీక్షించి చూడగా పుట్టినతేదులు చెడినవి. ౧౨-౦౬-౧౯౫౮ అను తేదిలో సున్నకు ముందు అంకె లేదు, ఖాళీ లేదు. చిన్న అడ్డగీత యున్నది. అడ్డగీత తరువాతి సున్న బిందువైపోయెను. కుండలీకరణములో ఖాళీ తరువాత ఆ అడ్డగీతను కూడ చేర్చిన పిమ్మట సరిపోయినది. ఈ తప్పును పట్టినది మేము కాము. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె వెనుక నిలిచి చూచుచు, సార్, జూన్ నెల పోయింది అని చెప్పెను.

తేదులలోని తెలుగు అంకెలను ఇప్పటి అంకెలుగా మార్చుటకు వై అను వేఱొక ఆజ్ఞ కలదు. వై/౦౧౨౩౪౫౬౭౮౯/0123456789/ అని వ్రాసినచో, మొదటి జాబితాలోని ఒక్కొక్క గుర్తునకు రెండవ జాబితాలో అదే స్థానములోనున్న గుర్తును పెట్టును. కాని ముందు ఏది, వెనుక ఏది యను విచారము కావలెను. సున్నల దోషమును దిద్దకమునుపే అంకెలను మార్చినచో, రంగప్పల పేర్లన్నిటిలోను ఆంగ్లపు సున్న వచ్చి కూర్చుండును. సెడ్‌లో ఆజ్ఞల వరుస వంటలో దినుసుల వరుసవంటిది. అన్నము దించిన పిమ్మట ఎసరు పెట్టినచో ప్రయోజనము లేదు.

నక్షత్రముయొక్క అత్యాశను గూర్చి కూడ ఒక మాట. నాగప్ప (పెద్ద) తండ్రి మారెప్ప (రైతు) అను వరుసలో కుండలీకరణములను తీసివేయవలెనని ఎస్/(.*)//జీ అని వ్రాసినచో, నాగప్ప తప్ప తక్కిన దంతయు పోవును. తెఱచిన మొదటి కుండలీకరణమునుండి మూసిన చివరి కుండలీకరణమువఱకు, నక్షత్రము తాను పట్టగలిగినంత పట్టును. తండ్రి పేరు కూడ దాని కడుపులోనికి పోవును. చుక్కకు బదులు, మూసిన కుండలీకరణము కాని యక్షరము అని [^)] వ్రాసినచో అత్యాశ తగ్గును. ఎస్/([^)]*)//జీ అనునది సరియైన ఆజ్ఞ.

మన లిపికి చెందిన చిక్కు వేఱొకటి యున్నది. ఆంగ్లపుస్తకములు దీనిని చెప్పవు. లక్ష్మి యను పేరులో అక్షరములెన్ని యని రెండవ తరగతి పిల్లవానిని అడిగినచో రెండనును. యూనికోడ్ అను లోకవ్యాప్తమైన అక్షరపట్టికలో, 1991లో వెలువడిన మొదటి కూర్పునుండియు తెలుగునకు స్థానము కలదు. ఆ పట్టిక ప్రకారము లక్ష్మిలో ఏడు గుర్తులున్నవి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. సెడ్ చుక్క లెక్కించునది ఈ గుర్తులనే గాని మన అక్షరములను కాదు. టి అను అక్షరములో చుక్క ట ను మాత్రము పట్టి, గుడిని దిక్కులేనిదానిగా విడిచిపెట్టును. అంతియ కాక, ఐత్వమును ఒకే గుర్తుగా భద్రపఱుపవచ్చును, ఎత్వమును దాని క్రింది తోకను రెండు గుర్తులుగాను భద్రపఱుపవచ్చును. కంటికి తేడా లేదు, సెడ్‌కు మాత్రము ఒకటి కనబడినచో రెండవది కనబడదు. యంత్రములో భాషాస్థలము యూటీఎఫ్-8 అని కుదిర్చి యుండకపోయినచో ఇంకను చేటు. ఒక్కొక్క తెలుగు గుర్తు లోపల మూడు బైట్లుగా నుండును గనుక, చుక్క మూడింటిలో నొకదానిని మాత్రము కొఱికి, తక్కినదానిని చెత్తచేయును.

ఇక మా తప్పు. పాత గుమాస్తాలు ఊరిపేరు వ్రాయవలసినచోట కుందుర్పియని ప్రతిసారియు వ్రాయలేక, కుం. అని వ్రాసి చుక్క పెట్టిరి. పిల్లలు చూచినది చూచినట్లే మీటిరి. దానిని విప్పి పూర్తి పేరు పెట్టవలెనని మేము ఒక సాయంకాలము ఈ ఆజ్ఞ నిచ్చితిమి:

ఎస్/కుం./కుందుర్పి/జీ

మొదటి పుటలోని వరుసలన్నియు చక్కగా మాఱినవి. కుం. పోయి కుందుర్పి వచ్చినది. కాని పై చుక్క, మేమనుకొన్న చుక్క కాదు. అది ఏదైన ఒక్క గుర్తు. కుం తరువాత ఏమున్నను అది మ్రింగును. మొదటినుండియు పూర్తిగా కుందుర్పి యని వ్రాసినచోట ద ను మ్రింగి, పేరును ఒకటిన్నరసార్లు చేసెను. కుంటిమద్ది యను ఊరిపేరులో ట ను మ్రింగి, కుందుర్పి పెట్టి, తెగిన గుడిని మరియొక గుడిమీద వ్రేలాడదీసెను. ఈ వికారములు కంటికి కొట్టినట్లు కనబడినవి గనుక అప్పుడే దిద్దితిమి. అన్నియు సరియైనవని లేచి యింటికి పోతిమి.

కనబడనిది యొకటి మిగిలినది. ఇక్కడికి దాపున ఒక చిన్నపల్లె కలదు. దాని పూర్తి పేరు వేఱు. కాని చుట్టుప్రక్కలవారు కుంట యనియే పిలుతురు, పట్టీలలోను అట్లే వ్రాసిరి. కుంట యనగా కుం, తరువాత ట. చుక్క ట ను మ్రింగినది. తెగి వ్రేలాడుటకు గుడి లేదు, కొమ్ము లేదు. కుంట వారందఱును ఏ మచ్చయు లేకుండ కుందుర్పి వారైపోయిరి.

తాళపత్రముల కాలమున లేఖకుడు నిద్రమత్తులో తప్పు వ్రాసినచో ఆ ప్రతిలోనే తప్పు. వేఱొక ఊరి ప్రతిలో సరియైన పాఠముండును. 19వ శతాబ్దములో సీ. పీ. బ్రౌనుదొర కడపలో పండితులను కూర్చుండబెట్టి ప్రతులను సరిచూపించినది ఈ నమ్మకముతోనే. యంత్రము చేయు తప్పు అట్టిది కాదు. అన్నిచోట్లను ఒక్క తీరుగ, అలయక, తడబడక చేయును. తప్పునకు పొందిక కుదిరినచో అది ఒప్పువలె కానవచ్చును.

సుమారు ఆఱునెలలు గడచినవి. బెంగుళూరులో ఇండ్లకట్టడపు పనులలో జీవితము గడపి, మోకాళ్లు సహకరింపక తిరిగివచ్చిన ఒక వృద్ధుడు చదివిన ధ్రువపత్రముకొఱకు మా యొద్దకు వచ్చెను. వృద్ధాప్యపు పింఛనుకు వయస్సు నిరూపింపవలెను. ఆయనకున్న ఆధారము మన పట్టీ యొక్కటే. పేరును తండ్రిపేరును చెప్పెను. కంప్యూటరులో వెదకితిమి. దొరకెను. ధ్రువపత్రము వ్రాసి యిచ్చితిమి. నెల తిరుగకయే ఆయన మరల వచ్చెను. వయస్సు చాలదని కార్యాలయమువారు దరఖాస్తును త్రిప్పి పంపిరట.

అయివారూ, ఈ పుట్టిన తేది నాది కాదు, మా తమ్మునికన్న నన్ను చిన్నోన్ని చేసినారే, అని ఆయన కాగితమును మా ముందు పెట్టెను.

మేము పత్రమును చూచి, మీ ఊరు కుందుర్పియే గదా యని యడిగితిమి.

కుందుర్పి గాదు, మాది కుంట. కుందుర్పికి నేను చదువుకునేకి వచ్చింటి, అనెను.

అప్పుడు పాత పట్టీని దించి చూచితిమి. ఆ పేరే గలవారు, తండ్రి పేరు కూడ అదే గలవారు ఇద్దఱుండిరి. మన సీమలో తాతపేరు మనుమనికి పెట్టు వాడుక గలదు గనుక ఇది వింత కాదు. ఒకడు కుందుర్పివాడు, ఒకడు కుంటవాడు. వారిని వేఱుచేయునది ఊరిపేరొక్కటే. మా ఆజ్ఞ ఆ ఒక్క గుర్తును తుడిచివేసెను. మేమాయనకిచ్చినది చిన్నవాని పుట్టినతేది. పేరు కనబడినంతనే నిలిచిపోయి, రెండవవాడున్నాడా యని వెదకక పోవుట మా రెండవ తప్పు. ఆయన మమ్ములను ఒక్క మాటయు అనలేదు. నీళ్లడిగి త్రాగి, ఏ బస్సు ఎప్పుడున్నదో అడిగెను. మేమానాడు భోజనము చేయలేకపోతిమి.

మరల వెనుకకు మార్చరాదా యని తోటి ఉపాధ్యాయులొకరు ప్రశ్నించిరి. మంచి ప్రశ్నయే. ఒకదానికి ఒకటిగా మార్చినచో వెనుకకు మార్చవచ్చును. వై అను ఆజ్ఞతో మార్చిన అంకెలను తిరిగి తెలుగు అంకెలుగా చేయవచ్చును. కాని రెండు వేఱువేఱు మాటలను ఒక్కమాటగా చేసిన పిమ్మట, ఏది ఎక్కడినుండి వచ్చినదో చెప్పగల ఆజ్ఞ ప్రపంచమున లేదు. రెండు బావుల నీళ్లు ఒకే తొట్టిలో పోసినట్లయినది. అసలు దస్త్రమైనను మిగిలియుండినచో సరిపోవుచుండెను, అదియు లేదు. ఆ సాయంకాలము మేము ఐ అను ఎంపికను వాడియుంటిమి.

ఈ ఐ ను గూర్చి పిల్లలు చెవినిడి వినవలెను. సెడ్ తన స్వభావముచేత అసలు దస్త్రమును ముట్టదు. దిద్దిన ప్రతిని తెరమీద వ్రాయును, అంతే. దానిని కొత్త దస్త్రములోనికి మళ్లించుకొనవచ్చును. అడ్డగీత ఐ యని చేర్చినచో మాత్రము దిద్దిన ప్రతిని అసలుదాని స్థానములో పెట్టి, అసలుదానిని పోగొట్టును. సెడ్ పుట్టినపుడు ఈ సౌకర్యము లేదు. నేటికిని పోజిక్స్ అను ప్రమాణములో దీనికి చోటు లేదు. గ్నూ సెడ్ మొదలైనవానిలో చేర్చిరి. ఐ వెంటనే ఖాళీ విడువక .బ్యాక్ అని ఒక తోక చేర్చినచో, అసలు ప్రతిని ఆ తోకతో ప్రక్కన భద్రపఱచును. నాలుగైదు మీటలు నొక్కుటకు మేము సోమరులమైతిమి. దిద్దిన వ్రాతను అదే పేరుగల దస్త్రములోనికి మళ్లించుట ఇంకను ప్రమాదము. సెడ్ చదువుట మొదలిడకముందే ఆ దస్త్రము ఖాళీ యగును.

ఏమి మాఱునో ముందుగా చూచుకొను దారియు కలదు. అడ్డగీత ఎన్ అను ఎంపికతో /కుం./పీ అని ఆజ్ఞ యిచ్చినచో, ఏదియు మార్పక, ఆ మచ్చునకు దొరకు వరుసలను మాత్రము చూపును. అట్లు చేసియుండినచో కుంటలును కుంటిమద్దులును మా కంటబడియే యుండును. చుక్కను చుక్కగానే గ్రహింపవలె నన్నచో దాని ముందు వెనుకకు వాలిన గీత పెట్టవలెను. ఊరిపేరు రెండు కామాల నడుమ నుండును గనుక వానిని కూడ మచ్చులో చేర్చుట మేలు. మేమిచ్చియుండవలసిన ఆజ్ఞ యిది:

ఎస్/, కుం\.,/, కుందుర్పి,/

ఈలోపల జిల్లాల మాట కూడ వచ్చినది. 1882లో ఏర్పడిన అనంతపురము జిల్లాను 4 ఏప్రిల్ 2022నాడు విడదీసి, పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పఱచిరి. కుందుర్పి పాత జిల్లాలోనే యుండెను. మడకశిర కొత్తదానిలోనికి పోయెను. పాతవిద్యార్థులకు ఉత్తరములు పంపుటకు చిరునామాలు మార్చవలెను. సెడ్‌లో ఆజ్ఞకు ముందు ఒక మచ్చు నుంచినచో, ఆ మచ్చు ఉన్న వరుసలలో మాత్రమే ఆజ్ఞ నడచును. /, మడకశిర,/ఎస్/అనంతపురం జిల్లా/శ్రీ సత్యసాయి జిల్లా/ అనగా, మడకశిర యున్న వరుసలోనే జిల్లా మార్చుమనుట. పని చక్కగా జరిగినది. అయితే పట్టీలోనే మార్చుదమని కొందఱనగా మేమొప్పుకొనలేదు. 1950లో చేరిన పిల్లవాని ఊరు అనాడు అనంతపురము జిల్లాలోనే యుండెను. దానిని మార్చినచో పట్టీ అబద్ధమాడును. పట్టీ నుండి చిరునామాల ప్రతిని వేఱుగా తీసి, దానిలోనే మార్చితిమి.

చెడిన వరుసలకు దారి ఒక్కటే మిగిలినది. కంప్యూటరులో కుందుర్పి యని యున్న ప్రతి వరుసను కాగితపు పట్టీతో సరిచూచితిమి. సంక్రాంతికి మొదలిడి ఉగాదికి ముగించితిమి. ఒకరు చదువ నొకరు చూచిరి. ఆ జూన్ నెలను కాపాడిన బాలికయే అందఱికంటె ఎక్కువ పుటలు చూచెను. వృద్ధునకు సరియైన పుట్టినతేదితో క్రొత్త ధ్రువపత్రమును, పాతదానిలోని తప్పు మాదేయని తెలుపు ఉత్తరమును ఇచ్చితిమి. పింఛను మంజూరైనదని ఆయన మనుమడు వచ్చి చెప్పెను.

చెదలు తిన్న పుటలలోని పదునాలుగు వరుసలు మాత్రము తేలలేదు. ఆచోట ఊరిపేరున్న భాగమే పోయినది. వానియెదుట కుందుర్పి తీసివేసి ప్రశ్నార్థకము పెట్టియుంచితిమి. కుంటనుండి గాని, కుం అని మొదలగు మఱి యే ఊరినుండి గాని మా పాఠశాలలో చదివినవారు మీ యింట ఉన్నచో, ఏ శనివారమైనను మధ్యాహ్నము పాఠశాలకు వచ్చి ఆ పదునాలుగు పేర్లను ఒకమాటు చూడవలెనని తల్లిదండ్రులను కోరుచున్నాము. పట్టీ బల్లమీదనే యుండును.